నవ్వు నేర్చిన ప్రతికాయాలు

కాదంబరి ప్రతికాయం జడ వేసుకుని క్లాసుకు బయలుదేరే వేళకు కాదంబరి ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది. అది గుమ్మం దగ్గర ఆగి, "వెళ్లిరానా?" అని ఆమె గొంతుతోనే అడిగింది.

"ఉండు. ఈవేళ నేనే వెళ్దామనుకుంటున్నా," అంది కాదంబరి లేచి కూర్చుంటూ.

పక్క మంచం మీంచి నూకరత్నం నవ్వింది. "నీకేటయిందే? ఇష్టముంటే రండి, లేపోతే మానండని కాలేజీయే చెప్పింది కదా."

"నిన్నటి ధారలో చూడలేదా? భానోజీరావు మేస్టారికి ఒకటే చెమటలు. ఒంట్లో బాగున్నట్టు లేదు."

విశాఖ కాలేజీల్లో క్లాసుకు మనిషి రావడం ఐచ్ఛికమై చాలా కాలమైంది. అచ్చం విద్యార్థిలా ఉండే ప్రతికాయం వెళ్లి పాఠం వింటుంది. సాయంత్రం చెవి వెనక పట్టీ పెట్టుకుంటే, అది చూసిందీ విన్నదీ స్మృతిధారగా మెదడులోకి దిగుతుంది. ఎవరో విన్నట్టు కాదు, తానే బెంచీ మీద కూర్చుని విన్నట్టు గుర్తుంటుంది. ఇంత సుఖం దొరికాక పొద్దున్నే లేచేదెవరు? చాలామంది మాస్టర్లు కూడా తమ ప్రతికాయాలనే పంపేవారు. బొమ్మలు చెబితే బొమ్మలు వినేవి.

సముద్రశాస్త్రం చెప్పే భానోజీరావు మాస్టారు మాత్రం స్వయంగా వచ్చేవారు. ఎదుట ఉన్నది మనిషో బొమ్మో చూపుకు తెలియదు కాబట్టి, మధ్యలో ఒక ఛలోక్తి విసిరేవారు. బొమ్మలు దాన్నీ పాఠంలాగే వినేవి. నవ్వితే మనిషి. ఒకరోజు ఎవరూ నవ్వలేదు. ఆయన పాఠం ఆపేసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ధారలో అది చూశాక హాస్టల్లో ఎవరికీ అన్నం సయించలేదు.

"మన బొమ్మలకు నవ్వడం నేర్పుదాం. పాపం, పెద్దాయన," అన్నది కాదంబరే. అందరి బొమ్మలూ నవ్వితే అనుమానం వస్తుందని కొన్నింటికే నేర్పారు. మాస్టారి మొహం విప్పారింది. ఎదుట మనిషి లేకుండా పాఠం చెప్పేవారికి కాలేజీ ఒక గుండెకాపు ఇచ్చేది. ఛాతీకి కట్టుకుంటే, గుండె తడబడగానే అది వైద్యులను పిలుస్తుంది. మాస్టారు దాన్ని ఆఫీసులో తిరిగిచ్చేశారు. "నా పిల్లలుండగా నాకిదెందుకండీ?" అన్నారట. ఆ మాట విని పిల్లలు మురిసిపోయారు. ఒక్క కాదంబరికే లోపల ఏదో గుచ్చుకుంది.

అందుకే ఈవేళ వెళ్లాలనుకుంది. కానీ బయట వాన మొదలైంది.

"ఎవరో ఒకరు ఎల్తారులే. అంతమంది లేరూ?" అంది నూకరత్నం.

పదిమందిలో పాము చావదంటారు. ఆ మాట కాదంబరికి తెలియక కాదు. దుప్పటి వెచ్చగా ఉంది, అంతే. "సరే, వెళ్లిరా," అంది ప్రతికాయంతో.

సాయంత్రం పట్టీ పెట్టుకోగానే ధార దిగింది. ఆమె ముందు బెంచీలో ఉంది. మాస్టారు ఉప్పెన గురించి చెబుతూ చెబుతూ బల్ల పట్టుకున్నారు.

"ఏటర్రా, ఈవేళ నాకంటే ఈ బల్లే గట్టిగా ఉన్నట్టుందే," అన్నారు.

కాదంబరి నవ్వింది. వెనక మరికొందరు నవ్వారు. ఆ నవ్వు విని ఆయన మొహంలోకి ధైర్యం వచ్చింది. "నవ్వింది చాల్లే గానీ, కాసిని మంచినీళ్లు తెండమ్మా." ఎవరూ కదల్లేదు. "కాదంబరీ, నువ్వు తల్లీ..." అంటూ ఆమె వైపే చెయ్యి చాచారు. ఆయన ఛలోక్తి విసిరితే నవ్వడమే బొమ్మకు నేర్పారు. నీళ్లడగడం దానికి తెలియదు; అదీ ఛలోక్తే అనుకుంది. కాదంబరి ఆయన కళ్లలోకి చూస్తూ మళ్లీ నవ్వింది. ఆయన కూలిపోయారు. క్లాసంతా తర్వాతి వాక్యం కోసం శ్రద్ధగా ఎదురుచూసింది. గంట కొట్టాక అందరూ లేచి, ఆయనను తొక్కకుండా పక్కనుంచి నడిచి, తలుపు మూసి వచ్చేశారు.

హాస్టల్ గదులన్నింట్లోంచీ ఒక్కసారే కేకలు లేచాయి. వానలో అందరూ పరిగెత్తారు. మాస్టారు అక్కడే ఉన్నారు. ఒళ్లు చల్లబడిపోయింది.

విచారణకు మాస్టారి భార్య రమణమ్మ గారు వచ్చారు. తప్పెవరిదీ కాదని అధికారి తేల్చాడు. "ఆ సమయానికి గదిలో మనుషులెవరూ లేరండీ," అన్నాడు.

"అదేంటి బాబూ? ముందు బెంచీలో ఓ పిల్ల ఉంటాది, భలే నవ్వుతాదని రోజూ చెప్పేవారే!"

కాదంబరి లేచింది. నూకరత్నం చెయ్యి పట్టి లాగినా ఆగలేదు. "నేనేనండీ. ఉన్నాను."

"నువ్వు లేవమ్మా. హాస్టల్లో ఉన్నావు," అన్నాడు అధికారి.

"ఉన్నానండీ. నాకు గుర్తుంది. నన్నే నీళ్లడిగారు. నన్నే చూశారు."

ఆ ధారను చెరపడం కుదరదని, సొంత జ్ఞాపకంలో కలిసిపోయిందని అప్పటికే వైద్యులు చెప్పేశారు. రమణమ్మ గారికి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె దగ్గరకు వచ్చి కాదంబరి మొహంలోకి చూశారు. ఆ గొంతులో కోపం లేదు.

"మరి ఇవ్వలేదేం తల్లీ?" అని అడిగారు.