బండ మీద పదమూడు వరుసలు

పెంటయ్యను చంపిన ఆయుధానికి సైలెన్సర్ ఉంది. ఒకటి కాదు, ఆరు. ఆరూ బండ్ల వెనకాల బిగించినవే. చంపినవాడు పారిపోలేదు. హైటెక్ సిటీలో నాలుగో అంతస్తులో, ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

1999 డిసెంబర్ 31, మధ్యాహ్నం రెండున్నర. రాత్రి పన్నెండుకి కంప్యూటర్లు ఏమైపోతాయోనని నగరం ఊపిరి బిగబట్టి ఉంది. బిగబట్టడానికి ఊపిరి ఉన్నవాళ్ల సంగతి అది.

లింగంపల్లి స్టేషన్ బెంచీ మీద ఏజెంట్ నరసింహమూర్తి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అడుగు గిన్నెలో కెమెరా. దాని పైన పొగను పసిగట్టే యంత్రం. ఆపైన వైర్లు. పై గిన్నెలో పెరుగన్నం. ఏజెంటుకీ ఆకలేస్తుంది.

పక్కన ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. "పెరుగన్నమేనా అండీ?"

"ఉప్పు వెయ్యడం మరిచారు."

కోడ్ కుదిరింది. ముసలాయన చీఫ్ రామబ్రహ్మం. పేపరు చాటు నుంచి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"టార్గెట్ పేరు హోల్స్ట్. రాళ్ల మీద, ఇసక మీద సరదాగా తోలే నాలుగు చక్రాల బండ్లు అమ్ముతాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపి తోలే టూ-స్ట్రోక్ ఇంజన్లు, పొగ ఎక్కువ. వాళ్ల దేశంలో అమ్మకూడదన్నారు. ఇరవై వేల బండ్లు గోడౌన్లలో పడున్నాయి. మన మీద దింపాలని చూస్తున్నాడు. రోడ్డెక్కవు కాబట్టి రోడ్డు చట్టం వీటికి వర్తించదు."

"ఆఫ్-రోడ్. చట్టం కూడా ఆఫ్."

రామబ్రహ్మం నవ్వలేదు. "ఢిల్లీ కమిటీకి పొగ అంచనా పంపాలి. బండ్లెన్ని, ఇంజన్ బలమెంత, ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతాయి, గంటకెంత పొగ. అన్నీ గుణించాలి. మోసమంతా గంటల దగ్గరే. బండికి ఏడాదికి నలభై అని రాశాడు. మంచుదేశంలో సెలవులకి తోలుకునే లెక్క అది. సాయంత్రం ఐదుకి ఆ ఫ్యాక్స్ చేరితే అనుమతి ఖాయం."

"బండ్లకి గంటల మీటర్లుంటాయి కదండీ?"

"వెనక్కి తిప్పేశారు." పేపరు మడతలోంచి ఒక ఫొటో జారింది. బక్కపల్చటి మనిషి, నెత్తిన తువ్వాలు. "పెంటయ్య. రాళ్లు కొట్టేవాడు. నానక్‌రామ్‌గూడ బండల్లో వాళ్ల నమూనా ట్రాక్ ఉంది, ఆరు బండ్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపే పనికి జనవరిలో చేరాడు. పొగలోనే నిలబడి కలిపేవాడు. నాలుగు రోజుల క్రితం పోయాడు. డబ్బా కలిపినప్పుడల్లా బండ మీద ఉలితో గీత పెట్టేవాడట. కిరణ్మయి కబురు పంపింది."

కిరణ్మయిని హోల్స్ట్ ఆఫీసులో నాటింది వీళ్లే. ట్రైనింగ్ ఇచ్చింది నరసింహమూర్తే.

"మంచి పిల్లండీ."

"ఆ కబురే హోల్స్ట్‌కీ చెప్పింది. సోమవారం పేల్చాల్సిన బండని ఇవాళ నాలుగింటికి పేలుస్తున్నారు."

నరసింహమూర్తి లేచాడు. ఎమిషన్ మీద మిషన్ అని ఒక జోకు నాలిక చివరిదాకా వచ్చింది. ఫొటో చూసి మింగేశాడు.

మెడలో బ్యాడ్జీ, చేతిలో క్యారియర్. వైటూకే, అంటే రెండువేలకి కంప్యూటర్ల తేదీ తప్పకుండా చూసే ఇంజనీర్ వేషం. ఆ రోజు వైటూకే అంటే తెరుచుకోని గేటు నగరంలో లేదు. ట్రాక్ గేటూ తెరుచుకుంది. బండ కింద మందు కూరి, పేల్చే పనివాడు ఓదెలు ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు.

"మీ టైమర్‌లో తేదీ తేడా వస్తుందేమో చూడాలి. అప్పటిదాకా ఆపాలండీ."

"దీనికి టైమర్ గియ్‌మర్ లేదు సారు. అగ్గిపుల్ల. దానికి రెండువేలైనా ఒకటే, మూడువేలైనా ఒకటే. నాలుగింటికి ముట్టియ్యమన్నరు. జర జల్ది చూసుకొని రా."

టైము మూడు నలభై. బండ దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని గీతల మీద చెయ్యి ఆనించి ఉంది. పెంటయ్య భార్య సక్కుబాయి.

గీతలు గీతలుగా పదమూడు వరుసలు. నరసింహమూర్తి కెమెరా నొక్కాడు. కానీ రీలు కడిగించాలంటే చందానగర్ వెళ్లాలి. గంట పడుతుంది. కళ్లతోనే లెక్కపెట్టాలి.

"నేను చెప్త, నువ్వు రాసుకో సారు," అంది సక్కుబాయి. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఎనిమిదో వరుస దగ్గర అతను ఆగాడు. గీతల మధ్య చిన్న చిన్న చుక్కలు. కిందికి పోయినకొద్దీ చిక్కబడ్డాయి. చివరి వరుసలో గీతల కంటే చుక్కలే ఎక్కువ.

"ఇవి ఏం లెక్కమ్మా? సగం డబ్బాలా?"

"అవి డబ్బలు గావు. దగ్గుల నెత్తురు వడ్డ దినాలు." ఆమె వేలు చుక్కల మీదే ఉంది. "నాకు చెప్పలె సారు. బండకు చెప్పిండు."

ఓదెలు ఈల వేశాడు. మొత్తం తొమ్మిది వందల గీతలు. రాసుకున్న కాగితం జేబులో కుక్కుకుని, ఆమె రెక్క పట్టుకుని నరసింహమూర్తి పరుగెత్తాడు. ట్రాక్ చివరికి చేరేసరికి వెనక భూమి అదిరింది. దుమ్ము అణిగాక అక్కడ బండ లేదు, ఆకాశం ఉంది. సక్కుబాయి వెనక్కి వెళ్లింది. ముక్కల్లో వెతికి అరచేతంత రాయి ఒకటి కొంగులో కట్టుకుంది.

నాలుగు నలభై. హోల్స్ట్ ఆఫీసు, నాలుగో అంతస్తు. నరసింహమూర్తి వెంట సక్కుబాయీ వచ్చింది. కిరణ్మయి ఫ్యాక్స్ మెషిన్ పక్కన నిలబడి ఉంది. కళ్లజోడు తల మీద, ఖరీదైన సెంటు గదంతా. అద్దాల గదిలో హోల్స్ట్ ఫోన్ మాట్లాడుతున్నాడు.

"లేట్ అయ్యారు సర్."

"రెండు వైపులా కబుర్లు మోసేదానివి, నీకు అలుపు రాలేదా?" కాగితం చాచాడు. "బండికి పన్నెండు వందల గంటలు. నలభై కాదు."

ఆమె చదివింది. "వరుసలెందుకు పదమూడు? ఏడాదికి పన్నెండు నెలలే కదా. లెక్కలో మొదట కాలం సరిచూడమని మీరే నేర్పారు. కమిటీ దీన్ని దొంగ లెక్క అంటుంది సర్."

నరసింహమూర్తి కాగితం లాక్కుని వరుసలు మళ్లీ లెక్కపెట్టాడు. పదమూడే. పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి జోకు కూడా తట్టలేదు.

"అమాస నాడు మేము రాయి ముట్టం బిడ్డా," అంది సక్కుబాయి గుమ్మం దగ్గరే నిలబడి. "ఆ దినం కొట్టుడు బంద్. బండ మీద గీత గూడ వెట్టడు. అమాస అయినంక కొత్త వరుస. జనవరి ఒకటి నాడు చేరిండు గద, మొదటిది సగం వరుసే. ఆఖరుది గూడ సగమే. లెక్కవెట్టుకో."

కిరణ్మయి గోడ క్యాలెండర్ తిప్పింది. జనవరి పదిహేడు. డిసెంబర్ ఏడు. మధ్యలో పది. మొత్తం పన్నెండు నల్ల చుక్కలు. పన్నెండు చోట్ల విరిగితే పదమూడు ముక్కలు. ఆమె కాలిక్యులేటర్ లాక్కుంది. ఇరవై లీటర్ల డబ్బాలు తొమ్మిది వందలు. బండి గంటకి తాగేది రెండున్నర లీటర్లు. ఆరు బండ్లు. పన్నెండు వందలే వచ్చింది.

నాలుగు యాభై ఐదు.

"కొంగులో ఏంటది?" అడిగింది.

సక్కుబాయి ముడి విప్పి చూపించింది. రాయి మీద ఒక గీత, మూడు చుక్కలు. ఆ చుక్కలేమిటో కూడా చెప్పింది. కిరణ్మయి వేళ్లు రాయిని తాకబోయి ఆగిపోయాయి.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని నలభై చెరిపేసి పన్నెండు వందలు కొట్టింది. లెక్క రాసినవారు అన్నచోట పెంటయ్య పేరు పెట్టింది. ప్రింటర్ గొణుక్కుంటూ పేజీ వదిలింది. నాలుగు యాభై తొమ్మిదికి ఫ్యాక్స్ దాన్ని మింగింది.

హోల్స్ట్ అద్దం తలుపు తెరిచి బయటికొచ్చాడు. "వెళ్లిందా?"

"వెళ్లింది సర్," అంది కిరణ్మయి. అతను చప్పట్లు కొట్టాడు.

రాత్రి పన్నెండుకి ఏ కంప్యూటరూ ఆగలేదు. ఇరవై వేల బండ్లు మాత్రం ఆగిపోయాయి. కిరణ్మయి రాజీనామా ఇచ్చింది. ఎటువైపు ఉద్యోగానికో రాయలేదు.

ఫిబ్రవరిలో పెంటయ్య పేరు మీద ఢిల్లీ కమిటీ ఉత్తరం వచ్చింది. నరసింహమూర్తి దాన్ని తీసుకుని సక్కుబాయి ఇంటికి వెళ్లాడు. ఈసారి వేషం లేదు, క్యారియర్ లేదు. ఆమె గూట్లో రాయి పక్కన దీపం ఉంది.

"ఏం రాసిన్రు సారు?"

అతను మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. 'తమరి లెక్కలు అత్యంత విశ్వసనీయంగా ఉన్నవి. అయితే ఒక్క ఏడాది సమాచారం చాలదు కనుక, తమరు స్వయంగా మరో ఏడాది కొనసాగించవలసిందిగా కోరుతున్నాము.'

పదకొండు వేషాల్లో అబద్ధాలాడి నెగ్గిన ఏజెంటుకి ఒక్క నిజం కావలసి వచ్చింది. వెతికి వెతికి చివరికి చెప్పాడు.

"పని బాగా చేశాడని రాశారమ్మా. ఇంకా చెయ్యమంటున్నారు."