తలుపు అవతల వదిన

పొద్దున్నే ఆయన స్టూలెక్కి దేవుడి అల్మరా అద్దం తుడుస్తున్నాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ భార్య మోకాళ్ళ నొప్పులతో స్టూలెక్కడం మానేసినప్పటి నుంచి ఆ పని ఆయనదే అయింది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, దీపంలో నూనె చూసి, కిందకు దిగి, పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత లోపల జరిగేదాంతో ఆయనకు పని లేదు.

ఆమె దీపం వెలిగించి పాట మొదలుపెట్టింది. గోడ అవతల మిషన్ చప్పుడు ఆగింది. మూడో చరణం దగ్గర గొంతు పట్టేసింది. దగ్గి, మళ్ళీ అందుకుంది.

పక్కింటి ఆవిడ టైలరు. ఈమె పాట ఎత్తుకోగానే కుట్టుమిషన్ ఆపేయడం, అయిపోగానే మళ్ళీ తొక్కడం ఆవిడకు అలవాటు. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఆవిడ మొక్కే దేవుడు వేరు, మొక్కే తీరు వేరు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆ సంగతి మాట్లాడుకునే అవసరం వాళ్ళకు రాలేదు. పాట ఎప్పుడో కంఠతా వచ్చేసింది ఆవిడకు. రవికలకు హుక్కులు కుడుతూ కూనిరాగం తీస్తుంటే ఈ గోడ ఇవతలికి వినపడేది.

మర్నాటి కోసమే ఈ సాధన. పై వాటాలో ఉంటూ వీధి చివర మందుల షాపు నడుపుకునే కూతురు ఈమధ్యే వార్డు మెంబరుగా గెలిచింది. కౌన్సిలు సమావేశం ఇకమీదట ప్రార్థనతో మొదలవ్వాలని మొన్నటి మీటింగులో తీర్మానం పెట్టింది. నెగ్గింది. ఆ మొదటి ప్రార్థన అమ్మ పాడాలని కూతురి కోరిక. ఆమె పాటలు పాడేది ఇంట్లో, లేకపోతే ప్రార్థన బృందంలో పదిమంది ఆడవాళ్ళ మధ్య. మైకు ముందు, అంత పెద్ద హాల్లో, అందరూ లేచి నిలబడగా పాడటమంటే ఆమెకు భయమూ వేసింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఇన్నాళ్ళ భక్తికి దేవుడు పిలిచి పీట వేశాడనుకుంది.

ఆయన మాత్రం ఆ సంగతి విన్న రోజు నుంచి ముభావంగా ఉన్నాడు. కోపం కాదు. అలసట. రిటైరయ్యేదాకా ఆయన కోర్టులో ప్రమాణం చదివించే ఉద్యోగం చేశాడు. బోనెక్కిన ప్రతి సాక్షినీ "దేవుడి సాక్షిగానా, మనస్సాక్షిగానా?" అని అడగడం, వాళ్ళు ఏది కోరుకుంటే ఆ మాటలు చెప్పించడం. ఆ ప్రశ్న ఆయన నోటికి ఎంత అతుక్కుపోయిందంటే ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ అయినా కూతుర్ని అదే అడిగేవాడు. "మనస్సాక్షిగా అయితే పిల్లి తింది. దేవుడి సాక్షిగా అయితే నేనే" అనేది ఆ పిల్ల. వీధిలో పిల్లలు ఇప్పటికీ ఆయన్ని ప్రమాణాల తాత అనే పిలుస్తారు.

సాయంత్రం షాపు మూసి వచ్చిన కూతురు నేరుగా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. చీర ఏది కట్టుకుంటావు, ఆటో ఎన్నింటికి చెప్పను అని తల్లిని వరసగా అడిగింది. చివరికి తండ్రి వైపు చూడకుండా, మీ ఇద్దరికీ ముందు వరసలో కుర్చీలు పెట్టమన్నాను అంది.

"నాకొద్దు. నేను రాను" అన్నాడు ఆయన.

"అమ్మ పాడుతుంటే వినడానికి కూడా రావా?"

"ఇంట్లో రోజూ వింటున్నానుగా. అక్కడ వినను."

కూతురు పళ్ళెం పక్కకు జరిపింది. "నీకు దేవుడంటే గిట్టదు. అది చెప్పు చాలు."

"గిట్టకపోతే పొద్దున్నే స్టూలెక్కి ఆ అద్దం ఎందుకు తుడుస్తాను?"

"అది అమ్మ కోసం."

"నేననేదీ అదే. ఈ ఇల్లు అమ్మది. ఆ అల్మరా అమ్మది. ఆవిడకి కావాలి, తుడుస్తున్నాను. ఆ హాలు మాత్రం అమ్మది కాదు. నీదీ కాదు. కొళాయి రావట్లేదని చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళది."

కూతురికి మాట తొందర. తనను గెలిపించింది ఆ ప్రార్థన వాళ్ళేనని, ఎండలో ఇల్లిల్లూ తిరిగింది వాళ్ళేనని, మంచి పని మొదలుపెట్టేముందు దేవుణ్ణి తలుచుకుంటే ఎవరి సొమ్ము పోతుందని అడిగింది. ఊళ్ళో ఎక్కువమందికి అదే ఇష్టమని కూడా అంది.

"ఎక్కువమందికి ఎప్పుడూ ఇబ్బంది ఉండదమ్మా. వాళ్ళు ఎటు నుంచి వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది" అన్నాడు తండ్రి. "ఇవాళ నీ ప్రార్థన పెట్టావు. వచ్చేసారి ఇంకొకడు గెలుస్తాడు, వాడి ప్రార్థన పెడతాడు. అప్పుడు లేచి నిలబడతావా, కూర్చుంటావా? దేవుణ్ణి ఇంట్లో ఉండనియ్యి. అక్కడ ఆయనకి కుర్చీ వేశావనుకో, ఆయన వస్తాడో రాడో తెలీదు గానీ, ఆయన పేరు చెప్పుకుని కూర్చునేవాళ్ళు మాత్రం వచ్చేస్తారు."

"కోర్టులో అబద్ధాలు విని విని నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు నాన్నా. ఓట్ల కోసం దేవుణ్ణి వాడుకుంటున్నానని అనుకుంటున్నావు. అంతేగా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే కూతురికి తగలాల్సిన చోట తగిలింది. ముఖం ఎర్రబడింది.

ఇద్దరి మధ్యా గరిటె పట్టుకుని నిలబడ్డ తల్లికి కాళ్ళు లాగేస్తున్నాయి. నెల నుంచి ఇదే వరస. పైకి వెళితే కూతురు ఆయన మీద చెబుతుంది. కిందకు వస్తే ఆయన ఏమీ చెప్పడు, అది ఇంకా బరువు. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. పాడేది తను. తనను మాత్రం ఒక్కరూ అడగలేదు.

"నేను పాడతాను" అంది ఆమె. "దేవుడి పని నా గుమ్మంలోకి వస్తే కాదనలేను. మీరు రాకపోతే మానేయండి. రోజూ కొట్టుకునే ఓపిక నాకు లేదు."

ఆయన తలూపాడు. "పాడు. వద్దనే హక్కు నాకు లేదు" అని చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేసరికి బల్ల మీద ఫ్లాస్కు ఉంది. వేన్నీళ్ళు, గొంతుకి, అన్నాడు ఆయన పేపరులోంచి తలెత్తకుండా. ఆమె సరేనంది గానీ, ఆటో హారను విని హడావిడిలో చేతిసంచీ ఒక్కటే తీసుకుని బయల్దేరింది.

పక్కింటి వదిన కూడా ఆటో ఎక్కింది. సందులో వీధి దీపం వెలగక చాలాకాలమైంది. కుట్టుపని ముగించుకుని చీకట్లో ఇళ్ళకు పోయే ఆడపిల్లలు భయపడుతున్నారని ఆవిడ అర్జీ పెట్టుకుంది. ప్రార్థన కాగానే మొదట పిలిచేది ఆ అర్జీనే. కూతురు ఈరోజు వేసుకున్న కొత్త రవిక కూడా ఆవిడ కుట్టిందే, డబ్బులు వద్దని ఇచ్చింది. ఎన్నికల్లో ప్రార్థన వాళ్ళతో సమానంగా ఆవిడా తిరిగింది. దారంతా ఆవిడే మాట్లాడింది. ఈమె గొంతు దాచుకుని వింటూ కూర్చుంది.

హాలు మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది. చెప్పు తెగేలా ఉంది, సరిచేసుకుని వస్తాను, నువ్వు పద వదినా అంది.

ఆమె ముందు వరసలో కూర్చుని పక్క కుర్చీలో సంచీ పెట్టింది, వదిన కోసం. సభ నిండింది. వదిన రాలేదు. పాడటానికి పేరు పిలిచారు. ఆమె మోకాలు పట్టుకుని మెల్లగా వేదిక ఎక్కి మైకు ముందు నిలబడింది. కుర్చీల చప్పుడుతో అందరూ లేచారు. వేదిక మీద కూతురు చేతులు కట్టుకుని, చిన్నపిల్లలా తల్లినే చూస్తోంది.

అంత ఎత్తు నుంచి చూస్తే వెనక తలుపుకున్న గాజు పలకలోంచి వరండా కనిపిస్తోంది. అక్కడ వదిన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రెండు కాళ్ళకూ చెప్పులు బాగానే ఉన్నాయి. కాపలా అతను తలుపు కొంచెం తెరిచి లోపలికి రమ్మంటున్నాడు. ఆవిడ నవ్వుతూ, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపుతోంది.

ఆమె నోరు తెరిచింది. మొదటి మాట గొంతు దాకా వచ్చింది. రోజూ ఈ మాట దగ్గరే గోడ అవతల మిషన్ ఆగుతుంది.

ఆ మాట బయటకు రాలేదు. ఆమె మైకు దగ్గర్నుంచి పక్కకు జరిగి, మెట్లు దిగి, నిలబడ్డ జనం మధ్య నుంచి తలుపు వైపు నడిచింది. ఏదో మర్చిపోయిందనుకుని అందరూ దారి ఇచ్చారు. కూతురు మైకులో "అమ్మా" అని పిలవడం వినపడింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇదేంటి వదినా, పాడకుండా వచ్చేశావు?" ఆవిడ కంగారుపడింది.

"నీ చెప్పు బాగానే ఉంది."

ఆవిడ కాళ్ళ వంక చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"మీ ఇంట్లో పాడితే అది నీ పాట వదినా. నాకెంతో ఇష్టం. ఇక్కడ లేచి నిలబడ్డాననుకో, అది నా ప్రార్థన కూడా అయిపోతుంది. మావాళ్ళు అడుగుతారు. కూర్చున్నాననుకో, వీళ్ళు అడుగుతారు. పైగా నా అర్జీ వీళ్ళ చేతిలో ఉంది. బయట నిలబడితే ఎవరూ అడగరు."

లోపల ఎవరో ఫోనులో ఉన్న ప్రార్థన మైకుకు ఆనించారు. గరగరమంటూ మొదలైంది. ఆమె వదిన పక్కనే గోడకు ఆనుకుంది. పొద్దున తను వెలిగించిన దీపం గుర్తొచ్చింది. ఈ తలుపుకు దేవుడు అటువైపు ఉన్నాడా, ఇటువైపు ఉన్నాడా? ఇన్నేళ్ళ భక్తిలో అలాంటి ప్రశ్న ఆమెకు ఎప్పుడూ రాలేదు. అడగడం తప్పేమో కూడా తెలియదు. క్షమించమని మనసులోనే అనుకుని, కదలకుండా నిలబడింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆయన. ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు, చేతిలో ఫ్లాస్కు.

"బల్ల మీదే వదిలేశావు. లోపలికి పంపించి పోదామని వచ్చాను" అన్నాడు. తర్వాత ఇద్దరినీ, మూసిన తలుపునీ మార్చి మార్చి చూశాడు. "నువ్విక్కడున్నావేంటి?"

"లోపల దేవుడికి బోలెడంతమంది ఉన్నారు" అంది ఆమె. "ఇక్కడ ఈవిడకి ఎవరూ లేరు."

నేను ముందే చెప్పాను అని అంటాడేమోనని ఆమె చూసింది. అనలేదు. ఫ్లాస్కు మూత తిప్పి, అందులో వేన్నీళ్ళు పోసి ముందు వదినకు ఇచ్చాడు.

ప్రార్థన ముగియగానే కూతురు విసవిసా బయటకు వచ్చింది. పరువు తీశావమ్మా అన్న మాట ముఖంలోనే ఉంది. వరండాలో ముగ్గురినీ చూసి తడబడింది.

"అత్తా, నువ్వు ఎప్పట్నుంచి ఉన్నావిక్కడ?"

"ఇప్పుడే వచ్చానమ్మా. ఇదిగో, ఈ నిమిషమే."

ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ, అలవాటు కొద్దీ, మెల్లగా అడిగాడు.

"దేవుడి సాక్షిగానా, మనస్సాక్షిగానా?"

వదిన తల వంచుకుని నవ్వింది. "మనస్సాక్షిగా అయితే ఇప్పుడే వచ్చాను అన్నయ్యగారూ. దేవుడి సాక్షిగా అయితే, మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాను."

కూతురు తన రవిక చేతి అంచును వేళ్ళతో పట్టుకుని చూసుకుంది. నిన్న సాయంత్రం ఎక్కువమంది అని తను అన్న మాట గుర్తొచ్చిందేమో, కళ్ళు నిండాయి. వదిన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పిలిచే అర్జీ ఆవిడదే. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ వేదిక మీద కూతురు నిలబడే ఉంది. వీధి దీపానికి ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం కూతురు షాపు తెరవలేదు. వంటింటి గడప మీద కూర్చుని, ప్రార్థన వాళ్ళు అప్పటికే ఫోన్లు చేసి తిడుతున్నారని చెప్పింది. తీర్మానం వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ తనే పెట్టాలి. పెడితే వచ్చేసారి ఓట్లు పడవు. పెట్టకపోతే అత్త మళ్ళీ ఆ గోడకే ఆనుకోవాలి.

"ఏం చేయమంటావు నాన్నా?"

"నేను చెప్పను. ఎవరి ప్రమాణం వాళ్ళే చేసుకోవాలి" అన్నాడు ఆయన. కూతురి నెత్తి మీద చెయ్యి వేశాడు. "నిన్న నిన్ను దొంగ అనుకోలేదమ్మా. అనుకోలేదని చెప్పి ఉండాల్సింది."

కూతురు ఆ చేతిని తీయనివ్వలేదు. "పెడతాను" అంది చివరికి, నేల చూస్తూ. "వచ్చే మీటింగులోనే పెడతాను. అమ్మా, హాల్లో పాడనిది ఇక్కడ పాడవా?"

గొంతు బాగా లేదంది ఆమె. ఓపిక కూడా లేదు. అయినా వెళ్ళి దీపం దగ్గర కూర్చుంది. ఆయన పేపరు తీసుకుని ఎప్పటిలా వరండాలోకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర మాత్రం ఒక క్షణం ఆగి, తలుపు బార్లా తెరిచి పెట్టి వెళ్ళాడు.

ఆమె బొంగురు గొంతుతో మొదటి మాట అందుకుంది. గోడ అవతల మిషన్ చప్పుడు ఆగింది.