పులిగాడి సాకులు, మొలిచిన కొండలు

మబ్బుగిరి రాజ్యంలో నిద్ర కరువైంది. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు, అందరికీ. రాజుగారు కొలువులో ఆవులిస్తే మంత్రి ఆవులించేవాడు, మంత్రిని చూసి భటులు ఆవులించేవారు. కన్ను మాత్రం ఎవరికీ మూతపడేది కాదు. నిద్రను తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజుగారు చాటింపు వేయించారు. పాపం, డప్పు మోసే ఓపిక లేక ఆ చాటింపు సగం ఊళ్లకే చేరింది.

గొర్రెలు కాసే ఈదమ్మకు రాజ్యం మీద ఆశ లేదు. ఆమె తమ్ముడు సిద్దడు ఇంకా ఉయ్యాలలో పిల్లవాడు. నిద్ర లేక ఏడ్చి ఏడ్చి పాలు తాగడం కూడా మానేశాడు. కునుకు పట్టకపోతే వాడు బతకడు. అందుకే ఆమె మంద కుక్క పులిగాడిని వెంటబెట్టుకుని, అందరికీ నిద్ర తెచ్చే నిద్రమ్మ ఉండే గుహను వెతుకుతూ అడవిదారి పట్టింది. ఆ రోజుల్లో కుక్కలకు మాటలొచ్చేవి.

అసలు సంగతి మీకు చెప్పేస్తాను. నిద్రమ్మ రోజూ పొద్దుగూకాక అడుగుల చప్పుడు లేకుండా ఊళ్లోకి వచ్చేది. చప్పుడు లేకుండా వచ్చేవాళ్లు దొంగలని మంద కుక్కలకు నేర్పుతారు. కొత్తగా కాపలాకు కుదిరిన పులిగాడు ఆమె మీద పడి, కొంగు చించి, పొలిమేర దాటేదాకా తరిమాడు. ఆనాటి నుంచి ఎవరికీ నిద్ర పట్టకపోయేసరికి, తాను తరిమింది ఎవరినో వాడికి అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. కుండ పగలగొట్టి నేరం పిల్లి మీదకు తోసినవాళ్లు మీలో ఉంటే, వాడి బాధ మీకు తెలిసే ఉంటుంది.

అడవి మొదట్లో ఒక రాక్షసుడు తల పట్టుకుని కూర్చున్నాడు.

“మిమ్మల్ని తినాల్సిందే. కానీ నమిలే ఓపిక లేదు,” అన్నాడు. “నిద్రమ్మ ఎందుకు వెళ్లిపోయిందో చెప్పి దాటిపొండి.”

“నక్కలు తరిమాయి,” అన్నాడు పులిగాడు చప్పున.

దారిలో ఒక కొండ మొలిచింది. ఇద్దరూ రొప్పుతూ ఎక్కి దిగారు. కింద ఒక ముని ఎర్రబడిన కళ్లు నులుముకుంటూ అదే ప్రశ్న అడిగాడు.

“ఆమెకు పిల్లల గోల పడలేదు స్వామీ,” అన్నాడు పులిగాడు.

ఇంకా పెద్ద కొండ మొలిచింది. ముని నిట్టూర్చాడు. “ఈ అడవిలో సాకు చెబితే కొండ మొలుస్తుంది నాయనా. మీ ఇద్దరిలో ఎవరు చెబుతున్నారో చూసుకోండి.”

ఈదమ్మ పులిగాడి వైపు ఒకసారి చూసి కొండ ఎక్కింది. సగం ఎక్కాక అరికాళ్లు పగిలి, రాతి మీద కూలబడింది.

“నాతోని గాదురా పులిగా. మనం పోయేసరికి తమ్ముడు ఉండడు.”

పులిగాడు ఆమె పగిలిన అరికాళ్లు నాకాడు. “నేనే అక్కా. చీకట్ల కనబడక...”

కాళ్ల కింద నేల కదిలింది. ఎదురుగా మరో శిఖరం తల ఎత్తబోయింది. వాడు ఆ మాట మింగేశాడు.

“కాదు. నేనే తరిమిన. తెలిసీ దాచిన.”

కొండలన్నీ భూమిలోకి కుంగిపోయాయి. ఈదమ్మ చేతికర్ర ఎత్తింది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది.

“కొట్టనీకి కూడా ఓపిక లేదురా. నడువు,” అంది ఏడుస్తూ.

గుహ ఎదురుగానే ఉంది. లోపల నిద్రమ్మ చినిగిన కొంగు కుట్టుకుంటోంది. కుక్కను చూసి వెనక్కి జరిగింది. పులిగాడు నేలకు గడ్డం ఆనించాడు.

“తప్పు నాదే తల్లీ. మా సిద్దడికి నిద్ర కావాలె. నీ ముందు నేను నడుస్త. ఏ కుక్కనూ మొరగనియ్య.”

నిద్రమ్మ ఆఖరి కుట్టు వేసి దారం తెంపింది. తర్వాత సూది పక్కన పెట్టి లేచింది.

పొద్దుగూకేవేళకు ఊరు చేరారు. నిద్రమ్మ ముందుగా సిద్దడి నుదురు తాకింది. అక్క వేలు పట్టుకున్న వాడి గుప్పిలి మెల్లగా వదులైంది. ఈదమ్మ ఉయ్యాల పక్కనే ఒరిగిపోయింది. కోటలో కబురు అందుకున్న రాజుగారు “ఈదమ్మకు అర్ధ...” అంటూనే గురక పెట్టారు. మిగతా మాట మర్నాడు మధ్యాహ్నం లేచి పూర్తిచేశారు. ఈదమ్మ ఆ అర్ధరాజ్యాన్ని చాలాకాలం చల్లగా ఏలింది.

నిద్రమ్మ తిరిగొచ్చిన ఆ రాత్రి చివరికి మేలుకుని ఉన్నది పులిగాడొక్కడే. కునికిపాట్లు పడుతూనే మంద ముందు నిలబడ్డాడు.

“నువ్వు పడుకోవా?” అని అడిగింది నిద్రమ్మ.

“మందకు కాపలా ఎవరుంటరు తల్లీ?”

ఆమె దొడ్డి గుమ్మంలో చతికిలబడి, వాడి తలను ఒళ్లోకి లాక్కుంది.

“ఈ పూటకు నేనుంటాలే. పడుకో.”