మూడో పిలుపు

ఎవరి గుమ్మానికైనా పంచాయతీ నోటీసు అంటించేముందు ఆ ఇంటివాళ్లను పేరుపెట్టి మూడుసార్లు పిలవాలి. ఇది రూలు పుస్తకంలో ఉందో లేదో అబ్రహాముకు తెలియదు. దుర్గి పక్కనున్న ఆ ఊళ్లో ఇరవయ్యేళ్లుగా మైదా జిగురు డబ్బా పట్టుకుని తిరుగుతున్నది అతనే కాబట్టి, అతను చేసిందే రూలు.

ఆ సాయంత్రం మాత్రం అతనికి కాళ్లు ముందుకు పడలేదు.

"చచ్చిపోయిన మనిషికి నోటీసేందమ్మా?" అన్నాడు కార్యదర్శి ప్రసన్నతో.

"రిజిస్టర్లో ఇంకా బుల్లెమ్మ పేరే ఉంది. వారసులెవరూ రాలేదు. పిలిచి, అంటించి, ఎవరూ లేరని రాసుకురా. గడువు తీరాక ఆ స్థలం పంచాయతీది. చెత్త షెడ్డు కట్టుకుందాం," అందామె. ఆమెను అనడానికేం లేదు, ఊరికి కొత్త.

నిరుడు బుల్లెమ్మవ్వ బతికుండగా ఇదే పనిమీద వెళ్లాడు అబ్రహాము. ఇంటి పైన పరిచిన నాపరాళ్లు అప్పటికే ఒక పక్కకు ఒరిగాయి. అది కూలేలా ఉన్న ఇంటికిచ్చే నోటీసు. మనిషి ఉంటే ఖాళీ చేయించి పడగొట్టాలి. లేకపోతే ఫైలు బీరువాలో నిద్రపోతుంది. తన జోలికి ఎవరూ రాకుండా అవ్వ వీధి తలుపుకు బయట తాళం వేసి, పెరటి దారిన వచ్చిపోయేది. మూడో పిలుపుకు లోపల చిన్న దగ్గు వినపడింది. ఆ తర్వాత తలుపు సందులోంచి గుసగుస.

"నాయనా... లేనని రాసుకో. ఈ వయసులో యాడికి పోను?"

జాలిపడ్డాడు. 'ఎవరూ లేరు' అని రాశాడు. మంచిపని చేశాననుకుని ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు కూడా.

వానలకు కప్పు కూలింది. లేదని రాసిన మనిషి కోసం ఎవరు వెతుకుతారు? మూడో రోజు వాసన వచ్చాక రాళ్లు తీశారు. ఆ మూడు రోజుల్లో ఎంతసేపు బతికుందో, ఎవరెవర్ని పిలిచిందో దేవుడికే తెలియాలి. అబ్రహాముకు అప్పట్నుంచి అన్నం సహించడం లేదు.

పొద్దుగూకింది. రాళ్లగుట్ట చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకుంది. ముందు గోడా, తాళం వేసిన తలుపూ మాత్రం నిలబడి ఉన్నాయి. తడిసిన సున్నం వాసన.

"బుల్లెమ్మా..."

కీచురాళ్లు ఆగిపోయాయి.

"బుల్లెమ్మా..."

చుట్ట వాసన వచ్చింది. అవ్వ కాల్చే చుట్ట. మూడోసారి పెదవులు మాత్రమే కదిలాయి.

తలుపు సందులో... దగ్గు.

"ఉన్నా నాయనా..."

అబ్రహాము డబ్బా కింద పెట్టి తలుపుకు చెవి ఆనించాడు.

"ఈసారి... ఉన్నానని రాయి."

"ఎట్టా రాయనవ్వా? పిచ్చోణ్ణంటారు. ఉజ్జోగం ఊడుద్ది."

"రాయి నాయనా... చానా బరువుగా ఉంది."

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే కాగితం మీద రాశాడు... 'ఎవరూ లేరు.' నోటీసు అంటించాడు. లోపలి నుంచి తిట్టు రాలేదు, శాపం రాలేదు. ఒక్క నిట్టూర్పు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. సున్నపు పొడి వదల్లేదు. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"గ్రేస్ నాయనా, అన్నం తిందువుగాని రా," లోపల్నుంచి భార్య నిర్మల ఎప్పట్లాగే కూతురి పేరుతో పిలిచింది.

"ఇక్కడే ఉన్నానే."

"గ్రేస్ నాయనా..."

"ఉన్నానంటున్నాగా."

నిర్మల గుమ్మంలోకి వచ్చింది. లైటు అతని మీదే పడుతోంది. ఆమె చూపు మంచం దాటి వీధి చివరిదాకా వెళ్లింది.

"గ్రేస్ నాయనా..."

అతను లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "ఉన్నా నిర్మలా... ఉన్నా..."

"ఇంకా రాలేదక్కా," ఎదురింటి హజ్రా బీతో చెప్పి వెనక్కి తిరిగింది.

అబ్రహాముకు గొంతులో సున్నపు పొడి అడ్డుపడింది. దగ్గాడు.

నిర్మల గుమ్మంలో ఆగింది. ఒక్క క్షణం చెవి ఒగ్గింది.

తర్వాత లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.