కత్తి పెళ్లికి సాక్షి

మధ్యాహ్నం రెండైంది. ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోలో భోజనాలు ముగించుకుని షూటింగ్ ఫ్లోర్ తలుపులు మూసేశారు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చీకటే. ఆ చీకట్లో తెల్లదొరల కాలం నాటి జిల్లా కోర్టు సెట్టు. ఎత్తయిన జడ్జి పీఠం, తాడు లాగితే ఊగే పంకా, మధ్యలో నాలుగు వైపులా మూసి ఉన్న మేనా.

సీను చిన్నదే. ఒక జమీందారు తన పెళ్లికి తాను రాకుండా కత్తిని పంపాడు. ఆ కత్తి పక్కన కూర్చోబెట్టి పెళ్లికూతురికి తాళి కట్టారు. ఆయన పోయాక దాయాదులు అది పెళ్లే కాదన్నారు. ఆయన రాణి పరదా దాటి రాకూడదు కాబట్టి మేనాలోనే కోర్టుకొచ్చింది. హీరోయిన్ మొహం కనబడని షాట్లలో మేనాలో కూర్చోవడానికి మనోజని పిలిచారు.

మనోజకి పదేళ్లుగా డూపు వేషాలే అలవాటు. ఆ రోజు మాత్రం ఆమె మనసు మనసులో లేదు. అసలు తమకి పెళ్లే కాలేదని భర్త కమలాకర్ ఫ్యామిలీ కోర్టులో చెప్పాడు. ఫొటోల్లేవు. పెళ్లి చేయించిన పంతులుగారు కాలం చేశారు. తెల్లారితే వాయిదా. ఓడిపోతే ఏడేళ్ల కూతురు శ్రీనిధికి తండ్రి లేనట్టే.

"అక్కా, నీకు డైలాగ్ లేదు. గాజులు జర చప్పుడు చెయ్, చాలు," అన్నాడు కో-డైరెక్టర్ సిద్ధార్థ, మేనా తలుపు మూస్తూ.

లోపల కొత్త రంగు వాసన రావాలి. రాలేదు. పెట్టెలో ఏళ్ల తరబడి మగ్గిన పట్టుచీర వాసన. దాని వెనకే కుళ్లిన పూల వాసన. మోకాళ్లు ముడుచుకుంటే తప్ప ఒక్క మనిషి కూడా పట్టని చోటు.

"యాక్షన్!"

పంకా కిర్రుమంది. జడ్జి వేషంలో ఉన్న నటుడు గొంతు సవరించుకున్నాడు.

"కల్యాణం జరిగిందనడానికి సాక్షి ఎవరు?"

మనోజ చెయ్యి కదపబోయింది. కదపకముందే గాజులు మోగాయి. అవి ఆమెవి కావు.

ఎడమ భుజానికి ఇంకో భుజం తగిలింది... చల్లగా... తడిగా.

"చూశానని చెప్పమ్మా..." చెవిలో ఎవరో గుసగుసలాడారు.

మనోజ తలుపు తోసింది. కదల్లేదు. అరిచింది. అరుపు గొంతు దాటలేదు.

"ఇన్నేళ్లూ నా పెళ్లికి సాక్షిగా ఒక్కరూ రాలేదు... నాకు నువ్వు సాక్ష్యం చెప్పు. నీకు నేను చెబుతా..."

 శ్రీనిధి మొహమే కళ్లముందు మెదిలింది. ఇక తనకి వేరే దిక్కెవరున్నారు?

"నిజంగా చెబుతావా?" అంది, ఏడుపు దిగమింగుకుంటూ.

చల్లటి వేళ్లు ఆమె మణికట్టుని పట్టుకున్నాయి.

"చూశాను!" మనోజ గొంతు ఫ్లోరంతా మోగింది. "కత్తి పక్కన కూర్చోబెట్టి తాళి కట్టారు. నా కళ్లతో చూశాను!"

"కట్! ఏందక్కా గిది? మాట్లాడొద్దని చెప్పిన గదా!" సిద్ధార్థ విసుక్కుంటూ తలుపు లాగాడు.

లోపల మనోజ ఒక్కతే ఉంది. మణికట్టు మీద ఐదు వేళ్ల తడి.

మర్నాడు మధ్యాహ్నం కోర్టు వరండాలో లాయరు మైత్రేయి నవ్వుతూ ఎదురొచ్చింది. "పెళ్లి జరిగిందని కమలాకర్ తనంతట తానే ఒప్పుకున్నాడండీ! చెమటలు కక్కుతూ సంతకం పెట్టాడు. సాక్షి ఉందని నాకు ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఏ సాక్షండీ?"

"అదేంటి! ముసుగేసుకున్నావిడ. పొద్దున్నే వచ్చి అతని పక్కన కూర్చుంది. ఏం చెప్పిందో తెలీదు గానీ, అతను మళ్లీ తలెత్తలేదు. ఇదిగో, ఆవిడ ఇచ్చిన సాక్ష్యం కాగితం."

పేరు రాయలేదు. వేలిముద్ర మాత్రం వేసి ఉంది. కింద చిరునామా... మధురానగర్‌లో మనోజ అద్దెకుంటున్న గది.

"ఇకమీదట మీ దగ్గరే ఉంటానంది," అంది మైత్రేయి.

శ్రీనిధి స్కూలు వదిలే వేళ. మనోజ ఆటో ఎక్కి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, గది ముందు ఆగింది. తలుపు తోసింది. లోపల గడియ పెట్టి ఉంది.

"శ్రీనిధీ! తలుపు తియ్యమ్మా!"



పక్క గది బాలమణి బయటికి వచ్చి, ఆమెని ఎగాదిగా చూసింది.

"అదేంటమ్మా... ఇందాకేగా నువ్వు పాపని ఎత్తుకుని లోపలికెళ్లావు?"