నాలుగో పేజీ

ఉదయం 8:40. గుండె పరిశోధన కేంద్రం. ఈసీజీ గది.

మంచం మీద బస్సు డ్రైవరు. యాభై రెండేళ్లు. ఛాతీకి అంటించిన వైర్లు అలాగే ఉన్నాయి. ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టరు 9:15కి వచ్చాడు.

ఆ కేంద్రంలో తేల్చాలనుకుంటున్నది ఒక్కటే. నల్లమందు వాడేవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువా, తక్కువా? అందుకు మూడు వేలమందిని ప్రశ్నలడిగారు. అప్పుడప్పుడూ పిలిపించి పరీక్షిస్తున్నారు. డ్రైవరు ఆ మూడు వేలలో ఒకడు.

పొద్దున 8:10కి అతనిచ్చిన మూత్రంలో నల్లమందు తేలింది. మూడు నెలల కిందట, సర్వే ఫారం నింపిన రోజు ఇచ్చిన శాంపిల్‌లో లేదు. కంప్యూటర్‌లో 'ఎన్నడూ వాడలేదు' అని ఉంది. ఆ జవాబు టిక్కు పెట్టిన నాలుగో పేజీ మాత్రం ఫారంలోంచి చింపేసి ఉంది.

"సర్వే అమ్మాయి పనే," అన్నాడు పెద్ద డాక్టరు. "అడక్కుండానే టిక్కులు పెట్టింది. పట్టుబడతానని చింపేసింది. సాయంత్రానికల్లా ఉద్యోగంలోంచి తీసేస్తున్నా. అన్నట్టు మీ మొహం చూస్తే బీపీ ఉన్నట్టుంది. మా స్టడీలో చేరరాదూ?"

"ముందు చేరినవాళ్లను బతకనివ్వండి డాక్టరుగారూ."

సర్వే అమ్మాయి కళ్లు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే సార్. నా జీతం మీదే అందరం. ఒట్టు, అడిగాను. లేదన్నాడు. అప్పుడే కంప్యూటర్‌లో కూడా ఎక్కించాను."

"పక్కన ఎవరున్నారు?"

"ఆయన భార్య."

"ఫారం వదిలి బయటికెళ్లావా?"

"ఫోనొస్తే... రెండు నిమిషాలు."

సాయంత్రం 4:00. డాక్టరునూ, అమ్మాయినీ, డ్రైవరు భార్యనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు ఇన్‌స్పెక్టరు. పోస్ట్‌మార్టం రిపోర్టు అప్పుడే అందింది.

"ఎవరో ఒకరి నెత్తిన రుద్దేస్తే పని తీరదు డాక్టరుగారూ. దొంగ టిక్కయితే పాత శాంపిల్‌లోనూ నల్లమందు దొరకాలి. దొరకలేదు. అంటే ఆ రోజు డ్రైవరు నిజమే చెప్పాడు. నిజం రాసుకున్న పేజీని ఈ అమ్మాయి ఎందుకు చింపుతుంది?"

ఇన్‌స్పెక్టరు డ్రైవరు భార్య వైపు తిరిగాడు.

"అక్కా, ఆ కాగితం నీ దగ్గరుందా?"

"ఉంది సార్." ఆమె తడుముకోలేదు. భర్త రిపోర్టులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరులోంచి తీసిచ్చింది.

'నల్లమందు ఎందుకు వాడతారు? షుగరుకు. బీపీకి. ఛాతీ నొప్పికి. నిద్రకు.' మూడోదాని చుట్టూ నీలం సిరాతో సున్నా.

"దేనిదేనికి వాడాలో పెద్ద డాక్టర్లే వరసగా రాశారు కదా సార్. ఈయనకు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. మా వీధి చివర దర్జీ తాత మోకాళ్ల నొప్పికి అదే వేసుకుంటాడు. బతిమాలి తెచ్చాను. ఈయనేమో నల్లమందంటే ఆమడ దూరం పోతాడు, మొండిమనిషి. అందుకే ఆవగింజంత ఉండ చేసి, డాక్టర్లిచ్చిన మాత్రని చెప్పి రోజూ పొద్దున్నే మింగించేదాన్ని."

"అది మందుల చీటీ కాదమ్మా!" డాక్టరు సగం లేచాడు. "జనం చెప్పే కారణాలు... మేం ఊరికే అడిగాం..." ఆ ఫారం తయారుచేసింది ఆయనే. మళ్లీ కూలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు రిపోర్టు వైపు చూశాడు. గుండె రక్తనాళం ఎన్నాళ్లుగానో పూడుకుపోతోంది. నల్లమందు నొప్పి తెలియనివ్వలేదు. తెలిసుంటే ముందే ఆస్పత్రికి పరిగెత్తేవాడు.

"గుణం కనిపించింది సార్," అంది ఆమె. "రెండు నెలలుగా నొప్పన్న మాటే లేదు. మొన్న నాలుగంతస్తులూ ఈల వేసుకుంటూ ఎక్కాడు."

అమ్మాయి మీద మచ్చ పోయింది. ఆ సంతోషం ఆమె మొహంలో కూడా లేదు.

"ఒక్క మాట సార్," అంది భార్య. "కాగితం తెచ్చాక కూడా నెల రోజులు తాత్సారం చేశాను. వెంటనే మొదలుపెట్టుంటే బతికేవాడేమో కదా? నా ఆలస్యం వల్లే పోయాడా?"

డాక్టరు బల్లను చూస్తున్నాడు. అమ్మాయి డాక్టరును చూస్తోంది.

ఇరవై ఏళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టరు నోటికి నిజం ఎప్పుడూ ఇంత బరువు కాలేదు.

"లేదక్కా," అన్నాడు. "నువ్వేం ఆలస్యం చెయ్యలేదు."