జగ్గారావు మొక్కు

పెందుర్తిలో ఆ కాలనీ ఆడవాళ్ళకి ఈ మధ్య పొద్దున్నే ఒక వినోదం దొరికింది. పాలప్యాకెట్ల కోసం గేటు తీసినవాళ్ళు తీసినట్టే నిలబడి, జగ్గారావు ముగ్గు వేయడం చూస్తున్నారు.

పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి ఆయన. ఓడలోంచి ఇనుప చుట్టల్ని ఎత్తి లారీలోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దించినవాడు. అలాంటి చేతికి చిటికెడు ముగ్గుపిండి మాత్రం లొంగడం లేదు. చుక్కలు పెట్టడం వరకూ బాగానే ఉంటుంది. గీత మొదలుపెట్టాక అది ఎటు పోయి ఎక్కడ తేలుతుందో ఆయనకే తెలియదు. లుంగీ పైకి కట్టి, గొంతుక్కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి ఒళ్ళంతా పిండి చేసుకుంటాడు.

"ఏటన్నియ్యా, ఈ రోజు తామరపువ్వేనా?" అంది ఎదురింటి గంగాలమ్మ, గేటు మీద మోచేతులు ఆనించి.

"మరి నీకేటిలాగ అవుపడతంది?"

"నాకైతే కేబేజీలాగుంది."

వీధిలో నలుగురూ నవ్వారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అసిరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. రాలిపోయిన జుట్టు ఇప్పుడిప్పుడే పొట్టిగా, ఉంగరాలు తిరిగి మొలుస్తోంది. ఆ తల మీద కొంగు సర్దుకుని మెల్లిగా లేచింది.

"ఇలాగియ్యి మావా. ఒక్క గీత నాను గీత్తాను."

"కూకో. లేగిసావంటే ఊరుకోను," అని కసిరాడు జగ్గారావు. "మంచు పడతంది, సాలువ కప్పుకో."

అసిరమ్మ మళ్ళీ కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం తప్ప ఆవిడకి ఇంట్లో ఇంకో పని మిగల్చలేదు ఆయన.

కిందటేడు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు రోజుకో మాత్ర, అప్పుడప్పుడు వెళ్ళి చూపించుకోవడం. వైద్యం అయిపోయిందని డాక్టర్లు అన్నారు గానీ జగ్గారావుకి మాత్రం ఏదీ అయిపోలేదు. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్న రోజు ఆయన ఒక మొక్కు మొక్కుకున్నాడు.

ఆయన చిన్నప్పుడు ఊళ్ళో వాళ్ళ నాన్న ఒక కోడెదూడని సింహాచలం అప్పన్న పేర వదిలాడు. దేవుడి కోడె మెడ మీద కాడి పెట్టకూడదు. పెడితే ఆ ఇంటికి అరిష్టం. ఆ రోజు బెంచీ మీద ఆయనకి గుర్తొచ్చింది అదొక్కటే. 'అప్పన్నా, మా అసిరిని ఇంటికి పంపించు. ఇక నుంచి అది నీ కోడె అనుకుంటాను. దాని మెడ మీద పనన్నది పెట్టను' అని కొండ ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టాడు. అసిరమ్మ ఇంటికొచ్చింది. బయటికి చెబితే ఫలం పోతుందని ఆయన మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచీ చీపురు, చాకు, చెంబు ఏదీ అసిరమ్మ చేతికి అందనివ్వలేదు. వంట నేర్చుకున్నాడు. ఆయన వండిన ముద్దపప్పుతో గోడకి పోస్టర్లు అంటించవచ్చు. అయినా అసిరమ్మ ఏమీ అనకుండా రెండు ముద్దలు మింగి కంచం పక్కన పెట్టేసేది.

కేబేజీ ముగ్గు వేసిన ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకోవలసి ఉంది. చిన్న వయసు డాక్టరమ్మ. కాగితాలన్నీ చూసి బాగున్నాయంది. తరవాత, "చేతులు రెండూ పైకెత్తండమ్మా" అంది.

కుడిచెయ్యి నిటారుగా లేచింది. ఎడమది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. అసిరమ్మ పెదవి కొరుక్కుని ఇంకాస్త ఎత్తబోయింది గానీ లేవలేదు.

"పోయినసారి ఇంతకన్నా పైకి లేచింది కదా? గోడకి వేళ్ళు ఆనించి పైకి పాకించమన్నాను. చేస్తున్నారా?"

అసిరమ్మ మొగుడి వంక చూసింది.

"నొప్పెడతాదని నానే మానిపించీసినాను డాక్టరమ్మా," అన్నాడు జగ్గారావు.

"నడక?"

"నడకేటండి, ఇంట్లో అన్నీ నానే సేతికందిత్తన్నాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కూర్చోబెట్టి కాపాడుతున్నానని మీరు అనుకుంటున్నారు. కూర్చున్నకొద్దీ నీరసం పెరుగుతుంది, కండ తరుగుతుంది, భుజం బిగుసుకుపోతుంది. ఇలాగే వదిలేస్తే ఆ చెయ్యి ఇక పైకి లేవదు. ఒక్కసారిగా పెద్ద బరువులు వద్దు. మిగతా పనులన్నీ మెల్లమెల్లగా చేసుకోనివ్వండి, రోజూ కాసేపు నడవనివ్వండి. మందులు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం."

"అలాగేనమ్మా," అన్నాడాయన వినయంగా. డాక్టరమ్మకి మొక్కు సంగతి తెలియదు కదా అనుకున్నాడు లోపల.

తిరుగు దారిలో ఆటోలో అసిరమ్మే మాట కలిపింది.

"విన్నావా?"

"విన్నాన్లే."

"అయితే రేపట్నుంచి వంట నాను సేత్తాను."

"సూద్దాం."

ఆయన సూద్దామన్నాడంటే కుదరదని అర్థం. ఇన్నేళ్ళ కాపురంలో అసిరమ్మకి ఆపాటి తెలుసు. దాని మీద వాదన పెట్టుకోకుండా కూతురి గురించి మనసులో ఉన్న అసలు మాట బయటపెట్టింది.

"యశస్వినికి ఏడో నెల ఎల్లకముందే తెచ్చీసుకోవాల మావా. ఎనిమిదిలో తేకూడదు. తొలిసూలు, పురుడు మనింట్లోనే పొయ్యాల."

జగ్గారావు బయటికి చూశాడు. "ఆళ్ళు అక్కడే పోసుకుంటామన్నారు."

"ఎవులన్నారు?"

"సలమయ్య బావే అన్నాడు."

అసిరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. తరవాత తనలో తను అనుకుంటున్నట్టు అంది, "నా రోగం సూసి బయపడినారు. పసిగుంటని నా సేతిలో పెడితే అంటుకుంటాదనుకున్నారు కాబోలు."

నిజానికి వియ్యంకుడు చలమయ్య అలాంటి మాటే అనలేదు. కిందటి వారం గాజువాకకి ఫోన్ చేసి, "అసిరికి సేత కాదు బావా, పురుడు మీ ఇంట్లోనే పోసీండి" అన్నవాడు జగ్గారావే. పురుడంటే మాటలా? నీళ్ళు కాచాలి, పథ్యం వండాలి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగుపెట్టి నీళ్ళు పోయాలి. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే అసిరమ్మని ఆ కుర్చీలో ఆపడం ఎవరి తరం? అందుకని అంత పని చేశాడు.

"అంటుకోవడమేటే, అలాటిదేం లేదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే తరవాతి ప్రశ్న వస్తుంది. ఆయన అనలేదు. అసిరమ్మ ఆటో దిగేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. పక్కనే కూర్చుని చూస్తూ నోరు విప్పలేకపోయినందుకు జగ్గారావుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దెక్కాక వీధిలో ఆటో ఆగింది. యశస్విని ఒక్కతే దిగింది, బరువుగా, ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని.

"ఓలమ్మా, ఒక్కదానివే వచ్చినావేటే? సందీప్ బాబు రాలేదా?" అంటూ అసిరమ్మ కుర్చీలోంచి లేచింది.

యశస్విని చెప్పులు కూడా విప్పలేదు. "అమ్మా, నేను నీకు భారమైపోయానా?"

"ఏటే ఆ మాట?"

"కీమోకి వెళ్ళిన ప్రతిసారీ నీ పక్కనే కూర్చున్నాను. నీ వాంతులు ఎత్తాను. ఇప్పుడు నా పురుడు మాత్రం అత్తారింట్లో పోసుకోమంటావా? మా అత్తగారు ఏమన్నారో తెలుసా? మీ అమ్మకి నువ్వు అక్కర్లేదా అన్నారు. ఏం చెప్పాలి నేను?"

"నానన్నానా? మీ మావగారే గదే పంపనన్నాడు! నా రోగానికి బయపడి..."

"మావయ్య ఎందుకంటారమ్మా? నాన్నే ఫోన్ చేశారు. నీకు చేత కాదని చెప్పారు."

ఇద్దరూ ఒక్కసారే వంటింటి గుమ్మం వైపు తిరిగారు. చేతిలో గరిటెతో నిలబడి ఉన్నాడు జగ్గారావు. లోపల పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది.

"సేత కాదని నాను సెప్పినానా నీకు?" అంది అసిరమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత గొంతు పెట్టి ఆవిడ మాట్లాడడం అదే మొదలు. "ఆటోలో నీ పక్కన కూకుని ఏడిసినాను. సూసినావు. సూసి నోరు మూసుకున్నావు! నిజం సెప్పు మావా. ఏటి నీ బాధ? నా సేతులంటే నీకు రోతా?"

"ఓసి అసిరీ, అంత మాటనకే!" గరిటె జారి కింద పడింది. ఆయన గుమ్మంలోనే కూలబడిపోయాడు. ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. బెంచీ, కొండ వైపు పెట్టిన దణ్ణం, కోడె, కాడి. "మాట తప్పితే అప్పన్న నిన్ను పట్టుకుపోతాడే. నువ్వు సెంబెత్తితే నా గుండె జారిపోతంది. డాక్టరమ్మ సెప్పింది బుర్రకెక్కింది గానీ నానేటి సెయ్యను? మొక్కీసినాను గదా!" అంటూ భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు.

పోట్లాడదామని వచ్చిన యశస్వినికి ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అసిరమ్మ మాత్రం ఏడవలేదు. నెమ్మదిగా వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీ అయ్య వదిలిన కోడె... దాన్నెక్కడ కట్టీవోరు?"

జగ్గారావు తువ్వాలు దించి చూశాడు. "కట్టడమేటి? దేవుడి కోడెని ఎవులు కడతారు?"

"మరేటి సేసీది?"

"తిరిగీది. ఊరంతా తిరిగీది. సేలో పడి మేసినా ఎవులూ కొట్టీవోరు కాదు. ఓపాలి సంత దాకా ఎల్లిపోయి, దానంతటదే తిరిగొచ్చింది..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"మా ఊళ్ళోనూ వదిలినారు," అంది అసిరమ్మ. "మెడ మీద కాడి పెట్టలేదు, నిజమే. పలుపు కూడా ఎయ్యలేదు మావా. అప్పన్న పేర వదిలీడమంటే వదిలీడమే. నువ్వు నన్ను వదిలినావా? కుర్చీకి కట్టీసినావు."

జగ్గారావు వరండాలోని ఆ కుర్చీ వంక చూశాడు.

"రోగం మళ్ళీ వత్తాదో రాదో నీకు తెల్దు, నాకు తెల్దు, ఆ డాక్టరమ్మకీ తెల్దు. నువ్వు కాపలా కాసినంత మాత్రాన ఆగిపోదు. ఉన్నన్నాళ్ళు నన్ను మడిసిలాగ తిరగనీ. నా కూతురి పురుడు నా ఇంట్లో, నా సేతుల్తో పోసుకోనీ. అది సూడాలనే గదా ఆ సూదులన్నీ పొడిపించుకున్నాను. మంచం మీద నోరెండిపోయి పడుకున్నప్పుడు నానేటనుకున్నానో తెలుసా? దీని కడుపున పుట్టినోళ్ళకి ఒక్కసారి నా కాళ్ళ మీదేసుకుని నీళ్ళు పొయ్యాల అనుకున్నాను. ఇంకేటీ కోరుకోలేదు."

ఇప్పుడు ఏడుపు యశస్వినికి వచ్చింది. "అమ్మా..." అంటూ కూర్చోబోయి, కడుపుతో వంగలేక నిలబడే తల్లి తల నిమిరింది. పొట్టి జుట్టు అరచేతికి మెత్తగా తగిలింది.

ఇంతకాలం ప్రాణంలా మోస్తున్న మొక్కుని తను సగమే గుర్తుపెట్టుకున్నాడని జగ్గారావుకి అప్పుడు అర్థమైంది. కాడి గుర్తుంది. ఊరంతా తన సొంతమన్నట్టు తిరిగిన ఆ కోడె గుర్తు లేదు. లేచి మొహం కడుక్కుని, పొయ్యి ఆపి, ఫోన్ తీశాడు. ఇద్దరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"బావా, నాను నీకు అబద్దం సెప్పినాను. అసిరికి సేత కాకపోవడం కాదు, నాకే దయిర్యం సాల్లేదు. పిల్ల ఇక్కడే ఉంటాది. పురుడు మాదే."

అవతల నుంచి చలమయ్య, "అదేటి బావా! మేవేటి తప్పు సేసినామని మా ఇంటిది కుమిలిపోతంది. మీ అమ్మాయిని మీరు తీసుకెల్తానంటే మేవెందుకు వద్దంటాం? రేపే సందీప్‌కిచ్చి బట్టలంపుతాను. సెల్లెమ్మకి మాత్రం సెప్పు, మనవడైనా మనవరాలైనా మొదటి నీళ్ళు ఆవిడే పొయ్యాలని," అన్నాడు.

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆ ఒక్క మాటకి పొంగి వచ్చింది.

ఆ మధ్యాహ్నం వంట అసిరమ్మ చేసింది. జగ్గారావు కూర గిన్నె దించి ఇవ్వడానికి మాత్రం పనికొచ్చాడు. మధ్యలో రెండుసార్లు గరిటె లాక్కోబోయి కూతురి చేత చివాట్లు తిన్నాడు. తిన్నాక తల్లీకూతుళ్ళిద్దరూ హాల్లో గోడ ముందు నిలబడ్డారు. అసిరమ్మ ఎడమచేతి వేళ్ళు సున్నం మీద మెల్లిగా పైకి పాకాయి. నొప్పికి కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఎండ తగ్గాక ఆవిడ చెప్పులు వేసుకుంది. వెంటనే జగ్గారావు నీళ్ళ సీసా, గొడుగు, ఆవిడ శాలువ పట్టుకుని తయారయ్యాడు.

"నువ్వు రావద్దు," అంది అసిరమ్మ.

"రోడ్డు మీద ఆటోలు..."

"ఆ మలుపు తిరిగి, పార్కు దాకా ఎల్లి వచ్చీత్తాను. నువ్విక్కడే ఉండు మావా."

ఆయన సీసా, గొడుగు అరుగు మీద పెట్టి గేటు దగ్గర నిలబడ్డాడు. అసిరమ్మ రోడ్డు అంచున నెమ్మదిగా నడిచింది. ఎదురింటి గంగాలమ్మ ఆశ్చర్యంగా బయటికొచ్చి, "ఏటొదినా, ఎక్కడికి?" అంటే నవ్వి చెయ్యి ఊపింది. కొంచెం దూరం వెళ్ళి, ఒక గోడ పట్టుకుని ఆగింది. జగ్గారావు కాలు గేటు దాటింది. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

మలుపులో ఆవిడ చీర అంచు కనబడకుండా పోయింది. ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్న రోజు గుర్తొచ్చింది ఆయనకి. ఆ రోజు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇవాళ దణ్ణం పెట్టడానికి కూడా భయం వేసి, రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకున్నాడు. కన్నీళ్ళు గడ్డం మీదకి జారుతున్నా తుడుచుకోలేదు.

యశస్విని వచ్చి పక్కన నిలబడింది. "నాన్నా, వెనకాల నేను వెళ్ళనా?"

జగ్గారావు తల అడ్డంగా ఊపాడు. మలుపు మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"వద్దమ్మా. తిరగనీ."